విత్తనం తెచ్చేవారు బావిలోకి కూడా తొంగి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

కొత్త కంది, శనగ రకాల గురించి మీ వ్యవసాయ పేజీలో వచ్చే కథనాలు ఒక్కటీ వదలకుండా చదువుతాను. ఎన్ని రోజుల పంట, ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు, ఏ తెగులుకు తట్టుకుంటుంది అన్న వివరాలు చక్కగా ఇస్తున్నారు. ఆ పంట కింద నేల ఏమవుతోంది, పక్క బావిలో నీరు ఎంత దిగుతోంది అన్న మాట మాత్రం వాటిలో కనిపించదు. ఇది మీ విలేకరుల తప్పు కాదు. వారికి ఆ వివరాలు అందించే పరిశోధనే విత్తనాన్ని ఒకచోట, నేలను నీటిని ఇంకొకచోట పెట్టి చూస్తోంది. ఈ ఉత్తరం దాని గురించే.

మాది ప్రకాశం జిల్లాలో దర్శి ప్రాంతం. పదకొండు ఎకరాల మెట్ట. ఎర్ర నేలలో కంది, బోరు కింద మిరప వేస్తాం. మా నాన్నగారు కపిల తోలిన బావి ఇప్పటికీ పొలంలోనే ఉంది. రాతికట్టు చెక్కుచెదరలేదు, అడుగున మాత్రం తుమ్మ మొక్కలు మొలిచాయి. ఆ బావి ఎండిపోయాక మొదటి బోరు వేశాం. అది నాలుగేళ్లు పోసింది. రెండోది రెండేళ్లే. మూడోది నాలుగు వందల ఎనభై అడుగులకు దించితే, మిరపకు సగం తడి ఇచ్చి, ఫిబ్రవరి వచ్చేసరికి గాలి కక్కుతోంది. ఈ ముప్పై ఏళ్లలో నా చేతికి వచ్చిన విత్తనం ప్రతిసారీ అంతకు ముందుదాని కంటే మెరుగే. నీరు మాత్రం ప్రతిసారీ అంతకు ముందు కంటే లోతే.

శాస్త్రవేత్తల పట్ల నాకు కృతజ్ఞత లేదని ఎవరూ అనుకోవద్దు. 1972లో పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన కేంద్రం ఇక్రిశాట్ పెట్టినప్పుడు వారు చేపట్టిన జొన్న, సజ్జ, కంది, శనగ, తర్వాత చేర్చుకున్న వేరుశనగ అయిదూ మా జిల్లా ప్రజలు తరతరాలుగా పండించుకుని తింటున్నవే. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్ కలిసి రూపొందించిన జేజీ 11 శనగ 1999లో విడుదలైంది. అప్పటిదాకా ఎండు తెగులుకు పాత రకమైన అణ్ణిగేరి శనగ పోతుంటే చూస్తూ కూర్చున్న నల్లరేగడి రైతుకు ఆ విత్తనం ప్రాణం పోసింది. ఒంగోలు చుట్టుపక్కల పొగాకు, పత్తి వేసిన ఎన్నో పొలాలు శనగకు మారాయి. కానీ శనగ నీరు కట్టే పంట కాదు. వానలు వెళ్లిన తర్వాత రేగడిలో దాగిన తేమ మీదే గింజ కడుతుంది. అంటే ఆ విత్తనం సత్తా అంతా మట్టి ఎంత తేమ పట్టి ఉంచుతుందన్నదాని మీదే ఉంది. ఏటా పైమట్టి వాగులో కొట్టుకుపోతుంటే ఎంత మంచి రకమైనా ఏం చేస్తుంది?

అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన విత్తనంతోనే మొదలైంది. 1960లో ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్‌లో వరి పరిశోధన కేంద్రం పెట్టారు. 1966లో అక్కడి నుంచి ఐఆర్ 8 అనే వరి రకం వచ్చింది. ఆకలి తరుముతున్న కాలమది, గింజ ముందు అనుకోవడంలో తప్పు లేదు. 1971లో ఇలాంటి కేంద్రాలన్నిటినీ కలిపి సీజీఐఏఆర్ అనే కూటమి ఏర్పాటు చేశారు. నేల, నీరు, చెట్టు గురించిన చింత అందులో బలపడింది 1990ల నుంచే. నీటికి కొలంబోలో, పొలాల్లో చెట్లకు నైరోబిలో, అడవులకు ఇండోనేషియాలోని బోగోర్‌లో కేంద్రాలు ఆ కూటమి గొడుగు కిందికి వచ్చాయి. 1998లో మారిస్ స్ట్రాంగ్ అధ్యక్షతన ఆ కూటమి పనిని సమీక్షించినవారు, వంగడాల పరిశోధన, సహజ వనరుల నిర్వహణ రెండూ కలిసి నడవాలని స్పష్టంగా చెప్పారు. ఆ మాటకు పాతికేళ్లు దాటాయి. నీరు ఒక నగరంలో, చెట్టు ఒక నగరంలో, గింజ మరో నగరంలో ఉంటే ఉండనివ్వండి. మా పొలంలో మాత్రం అవన్నీ ఒకే గట్టు లోపల ఉన్నాయి.

కలిపి చూసినప్పుడల్లా ఆ శాస్త్రం ఎంత గొప్ప ఫలితాలిచ్చిందో కూడా చెప్పాలి. కంది వేరు ఊరికే లోతుకు పోతుందని మా పెద్దలు అనుకునేవారు. ఎర్ర నేలలో ఇనుముతో బిగిసిపోయి ఇతర పంటలకు అందని భాస్వరాన్ని కంది వేరు తన నుంచి ఊరే ఆమ్లంతో విడిపించుకుని తాగుతుందని ఇక్రిశాట్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు 1990లో లోకానికి చూపించారు. అది తెలిసిన రోజు నుంచి కంది కోసిన చేనును నేను వేరే కళ్లతో చూస్తున్నాను. మొక్కను మట్టి నుంచి విడదీసి చూసి ఉంటే ఆ సంగతి ఎవరికి దొరికేది? పటాన్‌చెరు నల్లరేగడిలో 1976 నుంచి ఒకే చోట సాగుతున్న ప్రయోగం కూడా అలాంటిదే. వెడల్పాటి ఎత్తు మడులు, మధ్యలో కాలువలు, జొన్నలో కంది అంతరపంట, వానాకాలంలో నేల ఖాళీగా ఉండకుండా జాగ్రత్త. పాత పద్ధతి కంటే దిగుబడి కొన్ని రెట్లు పెరిగింది, మట్టి కోత తగ్గింది. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999 నుంచి వాగుకు అడ్డుకట్టలు, గట్ల మీద పచ్చిరొట్టకు గిరిపుష్పం మొక్కలు, మహిళా సంఘాలతో వానపాముల ఎరువు, మేలైన విత్తనం అన్నీ ఒక్కసారే చేశారు. బావుల్లోకి నీరు తిరిగి వచ్చింది.

మా జిల్లాలోనే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2000 తర్వాతి తొలి దశాబ్దంలో, నెదర్లాండ్స్ సహాయంతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా, రైతులే భూగర్భజలాలు కొలుచుకునే పథకం ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. వాటిలో ప్రకాశం ఒకటి. మా అక్కయ్య ఊరు కంభం వైపు. అక్కడ మా బావగారు ఆ పనికి ముందుకు వచ్చారు. ఒకసారి వెళ్లినప్పుడు ఆయన వెంట పొలానికి వెళ్లాను. టేపు చివర చిన్న ఇనుప గొట్టం కట్టి ఉంది. బోరులోకి వదులుతూ పోయారు. గొట్టం నీటిని తాకగానే చేతిలోని పెట్టె కీచుమంది. టేపు మీద వేలు అలాగే నొక్కి పట్టి, మీటర్ల లెక్క చూసి, చొక్కా జేబులోంచి పెన్సిలు తీసి నోటుపుస్తకంలో రాసుకున్నారు. తర్వాత డ్రమ్ము బోరు మూతి కింద పెట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పడుతోందో చూశారు. పదిహేను రోజులకోసారి ఇదే పని. ఆ అంకెలన్నీ ఊరి మధ్య గోడ మీద రంగుతో రాసి ఉండేవి. వాన ఎంత పడింది, నీరు ఎంత లోతులో ఉంది అని ఏడో తరగతి పిల్లవాడు కూడా చదివేవాడు.

అక్టోబరులో, రబీకి ముందు, ఊరంతా కూర్చునేది. జూన్ నుంచి ఎంత వాన భూమిలోకి ఇంకింది, ఎవరు ఏ పంట వేయాలనుకుంటున్నారు, దానికి ఎంత నీరు కావాలి అని లెక్క వేసేవారు. ఎకరం మీద ఒక్క అంగుళం నీరు నిలిపితే లక్ష లీటర్ల పైమాటే అని బావగారు చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు. బోరు కింద రెండెకరాల వరి వేసే నేను అప్పటిదాకా ఏ లెక్కా లేకుండా ఎన్ని లక్షల లీటర్లు తోడానో! ఆ సమావేశంలో ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. లెక్క లోటు చూపిస్తే వరి అనుకున్నవారు తమంతట తామే శనగకో, జొన్నకో మారారు. ఆ తర్వాత నేనూ వరి మానేశాను.

పథకం గడువు ముగిసింది. కొన్నాళ్లకు ఆ టేపు పాడైంది, బాగు చేయించే నాథుడు లేడు. కిందటేడు వెళ్లి చూస్తే ఆ గోడకు సున్నం వేసేశారు.

నన్ను బాధపెట్టేది ఇదే. మూడేళ్ల కిందట ఒక పరిశోధన సంస్థవారు మా పొలంలో ఎకరం మేర కొత్త కంది రకం వేయించారు. చెట్టుకు ఎన్ని కాయలు, కాయకు ఎన్ని గింజలు, నూరు గింజల బరువు ఎంత అన్నీ ఓపికగా రాసుకున్నారు. బోరు నీటిమట్టం కూడా రాసుకోండి, మట్టి కూడా తీసుకెళ్లండి అని అడిగాను. వచ్చిన యువకుడు మర్యాదస్తుడు. అది మా విభాగం పని కాదండీ అన్నాడు. అతనిని నేను తప్పుపట్టడం లేదు. అతనికి ఇచ్చిన కాగితంలో ఆ గడి లేదు.

నేల, నీటి పరిశోధన ఒకచోట తేలింది ఇంకోచోట పనికిరాదనీ, ఫలితానికి పదేళ్లు పడుతుందనీ, విత్తనమైతే ఊరూరా అదే పని చేస్తుందనీ కొందరు పెద్దలు అంటారు. నిజమే. కంభం లెక్క దర్శికి కుదరదు, దర్శి లెక్క కనిగిరికి కుదరదు. అందుకే కొలత ఊళ్లోనే జరగాలి. పదేళ్లు పడుతుంది కాబట్టే, మూడేళ్ల పథకానికి కాక ఊళ్లో ఉండే మనిషికి ఆ పని అప్పగించాలి. కొలిచే రైతు దొరకడన్న మాట నేను ఒప్పుకోను, మా బావగారిని కళ్లారా చూశాను.

ఇక్రిశాట్ వారిని, మన వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని, జిల్లా అధికారులను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. మా జిల్లాలో ఏ కొత్త రకాన్ని పరీక్షించినా, దిగుబడి పక్కనే ఆ పొలం నీటిమట్టం, మట్టిలోని సేంద్రియ కర్బనం, పడిన వాన కూడా రాసే గడులు పెట్టండి. పంట మొదట ఒకసారి, చివర ఒకసారి చాలు. ఆ అంకెలు రైతుకు తెలుగులో తిరిగి ఇవ్వండి. కంభం వైపు ఆనాడు శిక్షణ పొందినవారిలో చాలామంది ఇంకా ఊళ్లలోనే ఉన్నారు, వారిని మళ్లీ పిలవండి. రబీకి ముందు నీటి లెక్క సమావేశాన్ని రైతు సేవా కేంద్రాల్లో ఏటా జరిగే పనిగా మార్చండి. 2002లో తెచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది కదా అనవచ్చు. చట్టం బోరు వేయడానికి అనుమతి అడుగుతుంది కానీ, వేసిన బోరులో నీరు ఎంత ఉందో రైతుకు చెప్పదు.

ఈ జూన్ నుంచి మా మూడో బోరు నీటిమట్టం నేనే కొలుస్తున్నాను. టేపు లేదు కాబట్టి నైలాను తాడుకు అడుగడుగునా ముడులు వేసి, చివర బరువు కట్టి దించుతున్నాను. పక్కనున్న ఇద్దరు రైతులు కూడా మొదలుపెట్టారు. వాన లెక్కతో సహా అంతా ఒక నోటుపుస్తకంలో ఉంది. పరిశోధన కేంద్రం వారు ఎవరైనా మా ఊరు వస్తే దాన్ని చూపిస్తాను, నకలు కూడా ఇస్తాను.

ఇట్లు,
ఒక మెట్ట రైతు,
దర్శి మండలం, ప్రకాశం జిల్లా