చేతులూపడం అయ్యాక ఏం చేస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

గతవారం మీ పేపర్లో ఒక ఫోటో వేశారు. పెద్ద తెర మీద వేరే దేశం పిల్లలు, తెర ముందు ఇక్కడి పిల్లలు, రెండువైపులా అందరూ చేతులూపుతున్నారు, కింద సరిహద్దులు చెరిగిపోయాయని ఓ వ్యాఖ్య. బాగుంది. కానీ అలాంటి ఫోటోల వెనక నిలబడి వైర్లు సర్దిన సైన్స్ టీచర్‌ని నేను. ఫోటో తీసేశాక ఆ గదిలో ఏం జరుగుతుందో ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తున్నా.

మొదటి పది నిమిషాలు ‘వినిపిస్తోందా, మాకు వినిపిస్తోంది, మీకు వినిపిస్తోందా’తోనే పోతాయి. నలభై మందికి ఒకటే మైక్. అవతలివాళ్ల మాట మా స్పీకర్లోంచి వచ్చి మళ్లీ మా మైకులోకే దూరి వాళ్లకే తిరిగి వినపడుతుంటే వాళ్లు అయోమయంగా ఆగిపోతారు, ఆగారు కదా అని మావాళ్లు మొదలుపెడతారు, సరిగ్గా అప్పుడే వాళ్లూ మొదలుపెడతారు. నెట్ ఎంత స్పీడుదైనా ఈ ఆలస్యం పూర్తిగా పోదు. ఫైబర్ కేబుల్లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు మించి పోలేదు, పైగా బొమ్మను ఇక్కడ కుదించి అక్కడ విప్పాలి. ఈ గొడవంతా సర్దుకున్నాక ఇంగ్లీషు ధారాళంగా వచ్చే ఇద్దరు ముందుకొచ్చి బట్టీపట్టిన ప్రశ్నలు అడుగుతారు. నీకిష్టమైన రంగేంటి? నీలం. నాక్కూడా! చప్పట్లు. మిగతా ముప్పై ఎనిమిది మంది చేతులూపుతారు, టైం అయిపోతుంది.

ఇలాంటివి నాలుగు చేశాను. నాలుగూ నాలుగు వేర్వేరు బడులతో. ఏ ఒక్కదానితోనూ రెండోసారి మాట్లాడలేదు. టెక్నాలజీ మీద నాకు కోపం లేదు, దాన్ని పలకరింపుల దగ్గరే ఆపేస్తున్నామన్నదే నా బాధ.

అసలు ఈ పని వీడియో కాల్‌తో పుట్టింది కాదు. ఫ్రాన్స్‌లో సెలెస్తాన్ ఫ్రెనే అనే పల్లెటూరి టీచర్ 1920ల్లోనే క్లాసులో ఒక చిన్న అచ్చుయంత్రం పెట్టుకుని, పిల్లలు రాసినవి పిల్లల చేతే అచ్చు వేయించి, 1926లో దేశానికి ఆ చివరన బ్రిటనీ తీరంలో ఉన్న ఇంకో బడితో పోస్టులో ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెట్టాడు. మార్కులేసే టీచరు కోసం రాయడం వేరు, మనమెవరో తెలియని పిల్లల కోసం రాయడం వేరు. ఆ తర్వాత 1988లో, అమెరికా, సోవియట్ యూనియన్ ఇంకా ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్న రోజుల్లోనే, న్యూయార్క్ రాష్ట్రంలోని బడులనూ మాస్కో బడులనూ కంప్యూటర్లతో కలిపారు. దేశదేశాల బడులను కలిపే ఇవాళ్టి ఐఎర్న్ నెట్‌వర్క్ అందులోంచి వచ్చిందే. అందులో చేరిన బడి ఊరికే హలో చెప్పి ఊరుకోవడానికి లేదు, ఏదో ఒక ప్రాజెక్టులో చెయ్యి వెయ్యాలి. 2005లో ఐరోపాలో మొదలైన, బడులను జతచేసే ఈట్విన్నింగ్ కార్యక్రమం కూడా అంతే, ఇద్దరు టీచర్లు కూర్చుని ముందు పనేంటో తేల్చుకుంటారు. ముందు పని, తర్వాత పలకరింపు. మనం దీన్ని తిరగేశాం.

అందుకే ఐదోసారి కాల్ వద్దనుకున్నాను. 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరున్న ఒక ఐరోపా బడి టీచరుతో మాట్లాడుకుని ఒక పని ఎంచుకున్నాం: కర్ర నీడ కొలిచి భూమి చుట్టుకొలత కట్టడం. రెండువేల ఏళ్ల కిందట ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు చేసిన లెక్కే. మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున మీటరు కర్రను నిట్టనిలువుగా పాతి మిట్టమధ్యాహ్నం నీడ కొలిస్తే, దాన్నుంచి వచ్చే కోణమే ఆ ఊరి అక్షాంశం. మేముండేది 20 డిగ్రీల దగ్గర, కాబట్టి మాకు నీడ 36 సెంటీమీటర్ల పైచిలుకు రావాలి, వాళ్లకు 119. ఉత్తర దక్షిణాలుగా మా మధ్య దూరం దాదాపు 3,336 కిలోమీటర్లు. కోణాల తేడా 30 డిగ్రీలు, అంటే పూర్తి చుట్టులో పన్నెండో వంతు. మూడువేల చిల్లరను పన్నెండుతో గుణిస్తే భూమి చేతికొచ్చేస్తుంది. చూశారా, అవతలివాళ్ల అంకె రాకపోతే మా అంకెకు విలువే లేదు. ఒకరికొకరు అవసరపడటం అంటే ఇది.

మావాళ్లు పదకొండున్నర నుంచి ఐదేసి నిమిషాలకు ఒకసారి నీడ చివర సుద్దతో గీత పెట్టారు. అక్కడే మొదటి తగువు. నీడకు కొస ఎక్కడ? సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు ఉన్న బిళ్ల, అందుకని మీటరు కర్ర నీడ చివర మాకు సెంటీమీటరు మేర మసక మసగ్గా ఉంటుంది. ఆ సెంటీమీటరు మీద అరగంట పోట్లాడుకున్నారు. పుస్తకంలో బొమ్మకు ఈ మసక ఉండదు కదా.

సాయంత్రానికి అవతలి అంకె వచ్చింది: 124. లెక్క కడితే భూమి చుట్టుకొలత 38,600 కిలోమీటర్లే తేలింది, అసలుదాని కన్నా 1,400 కిలోమీటర్లు తక్కువ. మావాళ్లు ముందు నవ్వారు, తర్వాత వాళ్లు సరిగా కొలవలేదన్నారు, ఆ తర్వాత మా కర్ర వంకరగా ఉందేమోనని గుండు కట్టిన దారం వేలాడదీసి మళ్లీ చూసుకున్నారు. మూడోరోజు, నాలుగు కాల్స్‌లో ఒక్కసారి కూడా నోరు విప్పని ఒక అమ్మాయి వచ్చి, ‘సార్, వాళ్లు గడియారం చూసి కొలిచారేమో’ అంది. నిజం అదే. పన్నెండు కొట్టగానే కొలిచి, కర్ర తీసేసి లోపలికెళ్లిపోయారు. వాళ్ల ఊళ్లో ఆ రోజుల్లో సూర్యుడు నడినెత్తికి కాకపోయినా తన అత్యంత ఎత్తుకు వచ్చేది పన్నెండూ యాభైకి. దేశమంతటికీ ఒకే గడియారం పెట్టుకుంటే అంతే మరి. ఆ యాభై నిమిషాలు నీడకు ఐదు సెంటీమీటర్లు కలిపాయి, ఐదు సెంటీమీటర్లు భూమిలోంచి 1,400 కిలోమీటర్లు కోసేశాయి.

ఆ అమ్మాయి దీన్ని తెలుగులోనే రాసింది, ఫోన్లో అనువాదం చేసి పంపాం. అనువాదాల గురించి ఒక మాట: ‘కొలిచింది’ అని ఊరుకుంటే కర్త ఎవరో యంత్రానికి తెలీదు, మా అమ్మాయి కాస్తా అవతలివాళ్లకు ‘ఇట్’ అయిపోయింది. అప్పట్నుంచీ పొట్టి వాక్యాలు, ప్రతి వాక్యంలో కర్త. తెలుగు టీచరుగారు ఎన్నేళ్లుగానో చెప్తున్నదే, యంత్రం దెబ్బకు వింటున్నారు.

ఆ ఉత్తరం తర్వాత రెండు క్లాసుల మధ్య తీరు మారింది. అంతకుముందు కాల్స్‌లో అవతలి టీచర్లు మా పిల్లల్ని జాలిగా అడిగిన ప్రశ్నలు నాకింకా గుర్తున్నాయి, మీకు కంప్యూటర్లున్నాయా, బడికి ఎంత దూరం నడుస్తారు అని. రెండు గుంపులు కలిసినంత మాత్రాన ఒకరిమీద ఒకరికి ఉన్న అపోహలు పోవని, సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, కలిసి చేసే పని, పైవాళ్ల అండ ఉండాలని గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త 1954లోనే చెప్పాడు. చేతులూపే కాల్‌లో ఈ నాలుగింటిలో ఎన్ని ఉన్నాయో మీరే చూడండి. తప్పు పట్టుకున్నది ఇటువైపు పిల్ల, ఒప్పుకుని మళ్లీ కొలిచింది అటువైపు క్లాసు. మర్నాడు మా నీడ కొలతలో మసక ఎంత వదిలేశారని వాళ్లు మమ్మల్ని నిలదీశారు. సమానమంటే అదీ.

వారం తర్వాత, ఎలాగూ స్నేహం కుదిరింది కదా అని ఒక చిన్న కాల్ పెట్టుకున్నాం. మేం ఖాళీ తెర ముందు కూర్చున్నాం. మార్చి చివరి ఆదివారం ఐరోపాలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు, నేను మర్చిపోయాను. వాళ్లు మాకోసం చూసి చూసి బస్సెక్కేశారు. సూర్యుణ్ణి అడక్కుండా గడియారాన్ని నమ్మినందుకు వాళ్లను నవ్విన మాకు అలా తగిన శాస్తి జరిగింది.

మీ ఫోటో గురించి ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. అందులో అవతలి పిల్లల ముఖాలు స్పష్టంగా ఉన్నాయి, ఇటువైపు పిల్లల పేర్లు కూడా వేశారు. ఎవరి తల్లిదండ్రులనైనా అడిగారా? ఐరోపాలో 2018 నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం వల్ల మా జత బడి మొదటి ఉత్తరంలోనే ముఖాలు వద్దని చెప్పింది. అందుకే మా దగ్గరున్న ఫోటోలన్నీ చేతులు, కర్ర, సుద్ద గీతలు. అవి చూసి మా మేనేజ్‌మెంట్ ‘ఇవి పేపర్‌కి పనికిరావు సార్, ఒక లైవ్ పెట్టండి’ అంది. మళ్లీ లైవ్!

పిల్లల పని ఏదో ఒక యాప్‌లో పెట్టి నిశ్చింతగా ఉండే టీచర్లకు కూడా చెప్పాలి. చాలా క్లాసులు వీడియోలు పంచుకున్న ఫ్లిప్ 2024లో ఆగిపోయింది, ఎన్నో బడులను కలిపిన స్కైప్ 2025 మే నెలలో మూతపడింది. మా కొలతలు ఒక నోటుపుస్తకంలో ఉన్నాయి, దాని ఫోటోలే అటు వెళ్తాయి. నెట్ అంతంతమాత్రంగా ఉన్న రోజు కూడా ఒక ఫోటో వెళ్తుంది, వీడియో కాల్ వెళ్లదు.

ఇప్పుడు నడుస్తున్న వాదన ఇంకా ఆసక్తిగా ఉంది. మాకు ఏడాదిలో రెండు రోజులు మధ్యాహ్నం కర్రకు నీడే ఉండదని రాస్తే వాళ్లు నమ్మడం లేదు. 50 డిగ్రీల దగ్గర సూర్యుడు నడినెత్తిన ఎప్పటికీ రాడు, వాళ్లు పుట్టి బుద్ధెరిగి నీడ లేని కర్రను చూడలేదు. ఫోటో పంపమన్నారు. మొదటి రోజు మే 20 ప్రాంతంలో, అప్పటికి మా బడికి సెలవులు. రెండోది జూలై 23 ప్రాంతంలో, అప్పుడు వాళ్లకు సెలవులు, మాకేమో మబ్బులు. అయినా పిల్లలు ఆ వారమంతా రోజూ మధ్యాహ్నం కర్ర పాతాలని వంతులు వేసుకున్నారు. మీ ఫోటోగ్రాఫర్‌ను పంపుతానంటే సంతోషమే, తెర మాత్రం ఉండదని ముందే చెప్పండి.

ఇట్లు,
ఒక సైన్స్ టీచర్