శీనూ, ఆ ఆఖరి పది నిమిషాలు బుజ్జమ్మకి వదిలెయ్

పద్మారావునగర్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. వానలు మొదలైతే మా ఆసుపత్రి ఓపీ ఎలా ఉంటుందో నీకు తెలుసుగా, ఊరంతా జ్వరాలే. ఇక్కడ మా అమ్మానాన్నా కులాసా. ఇల్లు మారే మాట ఇంకా మాటగానే ఉంది. మీ ఆఫీసులో 'గోంగూర' ఉన్నాడా, ఎగిరిపోయాడా అన్నది ఫోన్లో చెప్పు. మిగతా కబుర్లన్నీ తర్వాత.

ముందు మీ ఏడాది పిల్ల బుజ్జమ్మ నిద్ర సంగతి. భుజాన వేసుకుని తిప్పితే గానీ పడుకోదనీ, రాత్రి మధ్యలో లేస్తోందనీ రాశావు. ఎవరో పెద్దాయన "గదిలో పడుకోబెట్టి తలుపేసెయ్యండి, రెండ్రోజులు ఏడ్చి అదే ఊరుకుంటుంది" అన్నారని, అది విని చెల్లెమ్మ ఏడ్చిందని రాశావు చూడు, అప్పట్నించీ ఇది రాయాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఫోన్లో చెప్తే సగంలో పాప లేస్తుంది, నువ్వు పరుగెడతావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. ఫ్రిజ్ తలుపుకి అంటించుకో.

తలుపు వెయ్యకు. అలాగని పొద్దుపోయేదాకా భుజాన వేసుకుని హాల్లో తిరగనూ అక్కర్లేదు. ఈ రెంటికీ మధ్య చక్కని దారి ఉంది.

అసలు ఎందుకు లేస్తోందో ముందు పట్టుకో. ఈ వయసు పిల్లలకి దాదాపు గంటకోసారి నిద్ర పల్చబడుతుంది. అరకన్ను తెరుస్తారు, అటూ ఇటూ దొర్లుతారు. పడుకున్నప్పుడు చుట్టూ ఏముందో అదే ఉంటే మళ్లీ జారిపోతారు. బుజ్జమ్మ కళ్లు మూసేటప్పుడు నీ భుజం ఉంది, నీ నడక ఉంది, వీపు మీద జోకొట్టే చెయ్యి ఉంది. రాత్రి రెండింటికి కన్ను తెరిస్తే ఆ మూడూ లేవు. నువ్వు మియాపూర్‌లో పడుకుని ఎల్బీనగర్ మెట్రో స్టేషన్లో లేస్తే ఎలా ఉంటుంది? దాని పరిస్థితి అదేరా. మొండితనం కాదు, అలవాటు చెడిందీ కాదు. నిద్రపట్టే ఆఖరి పది నిమిషాల్లో ఏం చేస్తున్నావో అదే రాత్రంతా అడుగుతుంది. అందుకని మార్చాల్సింది ఆ పది నిమిషాలే. వేరే గది అక్కర్లేదు. మీ పక్కనే, మీ గదిలోనే పడుకోనీ.

పద్ధతికి ముందు టైము చూడు. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకి పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. చాలామంది పిల్లలు ఈ వయసులో పగలు రెండుసార్లు పడుకుంటారు. ఒక నిద్రకి మారడం ఏడాదిన్నర లోపు ఎప్పుడో అవుతుంది. పొద్దున ఏడింటికి లేపెయ్, ఆదివారమైనా సరే. లేవగానే బాల్కనీలోకి తీసుకెళ్లి వెలుతురు చూపించు. రెండో నిద్ర సాయంత్రం నాలుగున్నర దాటనివ్వద్దు. రాత్రి పడకకి కనీసం నాలుగు గంటల మెలకువ ఉండాలి. లేకపోతే నిద్ర రాని పిల్లని నిద్రపుచ్చే కుస్తీ అవుతుంది. అలాగని మరీ అలిసిపోనిచ్చినా కష్టమే. కళ్లు నులుముకోవడం, చెవి లాక్కోవడం, ఊరికే పడిపోతూ ఏడవడం చూశావా, అప్పటికే టైము దాటుతోందన్నమాట.

ఇప్పుడు నిజంగా నిద్రపట్టేది పదింటికి అన్నావు. అయితే మొదట పదికే పడుకోబెట్టు. ఎనిమిదింటికే మొదలుపెట్టి రెండు గంటలు ఏడిపిస్తే, పరుపంటే ఏడుపు అని నేర్చుకుంటుంది. పదికి పడుకోబెట్టిన పావుగంటలో నిద్ర పడుతుంటే, రెండు మూడు రాత్రులకోసారి 15 నిమిషాలు ముందుకి లాక్కురా. ఎనిమిదిన్నర దగ్గర ఆగు. పొద్దున లేపే టైము మాత్రం జరపొద్దు. కొత్తలో ఒకట్రెండు రోజులు చిరాగ్గా ఉంటుంది, ఫర్వాలేదు.

పడకకి గంటన్నర ముందు పెరుగన్నమో పప్పన్నమో నెయ్యేసి పెట్టండి. చివరి అరగంట మాత్రం రోజూ ఒకటే వరస. గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లు కడగడం, డైపరు, పల్చటి నూలు బట్టలు. తర్వాత పాలు. కానీ పాలు పడగ్గదిలో వద్దు. హాల్లో, లైటు వెలుగుతుండగా, కూర్చుని. తాగుతూ కళ్లు వాలిపోతుంటే అరికాలు నిమిరి లేపు. ఆ తర్వాత పళ్లు తోమండి, బియ్యపుగింజంత ఫ్లోరైడు పేస్టు చాలు. సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే ముందుపళ్లు పుచ్చిపోతాయి, రోజూ చూస్తున్నా. అప్పుడు గదిలోకి. బెడ్‌లైటు ఒక్కటే, దోమతెర కట్టి ఉండాలి, ఏసీ ఉంటే 25 దగ్గర. రెండు పాటలు, అవే పాటలు. చివర్న ఒకే మాట, రోజూ అదే: "ఇంక బజ్జో బంగారం, నాన్న ఇక్కడే ఉన్నాడు."

పరుపు నేల మీద అన్నావు, చాలా మంచిది. గట్టిగా ఉండాలి, గోడకీ పరుపుకీ మధ్య సందు ఉండకూడదు. దిండ్లూ బొంతలూ తీసెయ్, మీ అమ్మ కుట్టిన ఆవాల దిండుతో సహా. దిండు రెండేళ్లు నిండేదాకా వద్దు.

ఇక అసలు పని. మెల్లమెల్లగా తగ్గించడమే కిటుకు. మొదటి మూడు రాత్రులు భుజాన వేసుకో, కానీ నడవకు. పడగ్గదిలోనే నిలబడు. ఒళ్లు బరువెక్కి, కళ్లు వాలుతూ ఇంకా తెరిచి ఉన్నప్పుడు దించు. ముందు పిరుదులు, తర్వాత వీపు, ఆఖరున తల ఆనాలి. తల ముందు ఆనితే ఉలిక్కిపడుతుంది. దించిన చెయ్యి వెంటనే లాగకు, ఛాతీ మీదే ఉంచి, భుజాన ఉన్నప్పటి తాళంలోనే జోకొట్టు. తర్వాతి మూడు రాత్రులు భుజం బదులు ఒళ్లో రెండు నిమిషాలు, ఆపైన పరుపు. ఆ తర్వాత జోకొట్టడం నెమ్మది చెయ్, కళ్లు సగం మూసుకోగానే ఆపి చెయ్యి ఊరికే ఆనించి ఉంచు. తర్వాత చెయ్యి పరుపు మీద, తన చేతికి అందేలా. తర్వాత నువ్వు పక్కన కూర్చోవడమే. ఆపైన రెండేసి అడుగులు వెనక్కి, చివరికి గుమ్మం దగ్గర. ఒక్కో మెట్టుకి మూడు రాత్రులు. ఎక్కడైనా బెడిస్తే ఒక్క మెట్టు దిగు, మళ్లీ భుజం దాకా వెళ్లిపోకు.

పరుపు మీద పెట్టగానే లేచి నిలబడుతుంది, నవ్వుతుంది కూడా. నిలబడటం కొత్తగా వచ్చింది కదా, ఒళ్లు ఊరుకోదు. రెండుసార్లు మాట్లాడకుండా పడుకోబెట్టు. మూడోసారి పడుకోబెట్టావా అది ఆట అయిపోతుంది. నువ్వే పక్కన ఒరిగి, పరుపు మీద మెల్లగా తట్టు, కళ్లు కలపకు. పగలు నిలబడి కూర్చోవడం బాగా ఆడించండి, దిగడం వస్తే రాత్రి ఇరుక్కోదు.

ఏడుపు సంగతి నీకు భయమని తెలుసు. చెవిపెట్టి విను. గునుస్తూ, మధ్యమధ్య ఆగుతూ, వేలు చప్పరిస్తూ ఏడిస్తే అది నిద్ర కోసం వెతుక్కునే ఏడుపు. ముట్టుకోకు, నీ గొంతు వినిపిస్తే చాలు. స్వరం పెరుగుతూ పోతే చెయ్యి వెయ్యి. గుక్కపడితే, వాంతికొచ్చేలా దగ్గితే, క్షణం ఆలోచించకుండా ఎత్తుకో. ఊపిరి కుదుటపడేదాకే ఎత్తుకో, నిద్రపోయేదాకా కాదు. మళ్లీ దించు. మొదటి రాత్రి ఇలా ఎన్నిసార్లయినా కావచ్చు, ముప్పావుగంట పట్టినా కంగారుపడొద్దు. నువ్వు పక్కనే ఉన్నావు, అది ఒంటరిగా ఏడవట్లేదు. ఈ మాట చెల్లెమ్మకి నా మాటగా చెప్పు. మెల్‌బోర్న్‌లో ఇలాంటి పద్ధతులు నేర్పిన ఇళ్ల పిల్లల్ని ఆరేళ్ల వయసులో మళ్లీ పరీక్షించారు. 2012లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చింది. పిల్లల మనసు మీద గానీ, తల్లీబిడ్డల బంధం మీద గానీ ఏ హానీ కనపడలేదు.

ఎక్కడ చెడుతుందంటే, మూడు రాత్రులు ఓపిక పట్టి నాలుగో రాత్రి నలభై నిమిషాలయ్యాక అమ్మ వచ్చి "పిల్లని చంపుతారా" అని ఎత్తుకుని ఊపేస్తుంది చూడు, అక్కడ. నలభై నిమిషాలు ఏడిస్తే ఊపుతారని నేర్చుకుంటుంది. ఊపాలనుంటే మొదటి నిమిషంలోనే ఊపండి, అది తక్కువ నష్టం. కొంచెం దారికొచ్చాక ఒక రాత్రి మళ్లీ లొల్లి ఎక్కువవుతుంది. పాత పద్ధతి ఇంకా పనిచేస్తుందా అని ఆఖరిసారి అడిగి చూడటం అది. ఆ రాత్రి గట్టిగా నిలబడితే చాలు.

అమ్మని దూరం పెట్టకు. జోలపాట ఆవిడ చేత పాడించు, ఆవిడ గొంతు మీ ఇద్దరి గొంతులకంటే మేలు. తొమ్మిదింటి సీరియల్ సౌండు మాత్రం తగ్గించమను. జాజికాయ అరగదీసి నాకించడం, గసగసాల పాలు పట్టడం ఆవిడ మొదలుపెట్టి ఉంటే ఇవాళే ఆపండి. జాజికాయ కాస్త ఎక్కువైనా విషమే, గసగసాల్లో నల్లమందు అంశ ఉంటుంది, పసిపిల్లలకి ఊపిరి మందగిస్తుంది. నిద్ర కోసం జలుబు సిరప్పు అసలే వద్దు.

చీర ఉయ్యాల పగలే కదా అన్నావు. నిలబడటం వచ్చిన పిల్ల అంచు పట్టుకుని లేస్తే తలకిందులుగా పడుతుంది. ఎవరో ఒకరు చెయ్యందే దూరంలో కూర్చుంటేనే వాడండి. రాత్రి నిద్ర కుదిరాక పగటిది మార్చండి. రాత్రిపూట నిద్ర బాగా ముంచుకొస్తుంది, నేర్చుకోవడం తేలిక. ఒకేసారి రెండూ మొదలెడితే పగలు నిద్ర తగ్గి, రాత్రి చిరాకెక్కుతుంది. ఉయ్యాల వేగం రోజురోజుకీ తగ్గిస్తూ, చివరికి కదలని ఉయ్యాల చెయ్యండి. ఆపైన పరుపు.

రాత్రి లేస్తే వెంటనే దూకకు. ఒకట్రెండు నిమిషాలు ఆగు. కళ్లు మూసుకునే గునుస్తుంటే అది లేవలేదన్నమాట, నువ్వు ఎత్తుకుంటే లేస్తుంది. నిజంగా లేస్తే పడుకునేటప్పుడు ఏ మెట్టు మీద ఉన్నావో అదే చెయ్. ఫోన్ లైటు వెయ్యకు. బాగా తింటూ, బరువు పెరుగుతున్న ఏడాది పాపకి రాత్రి పాలు ఆకలికి అవసరం ఉండదు. సీసా అయితే రెండ్రోజులకోసారి 20-30 మి.లీ. తగ్గించు. తల్లిపాలు ఆపొద్దు, రెండేళ్ల దాకా ఇవ్వడమే మంచిది. పగలూ, పడకకి ముందూ ఇమ్మను. రాత్రి మాత్రం నువ్వెళ్లు, నీ దగ్గర పాల వాసన రాదు కదా. పరీక్షల ముందు రాత్రి నిన్ను లేపిన చెంబు పద్ధతి మాత్రం ఎవరి మీదా వాడకు.

నువ్వు గచ్చిబౌలి నుంచి తొమ్మిదింటికి వచ్చి, ఎగరేసి ఆడిస్తావని రాశావు. రోజంతా చూడలేదన్న బాధ నాకు తెలుసురా. ఆ ఆట పొద్దున ఏడింటికి మార్చుకో, అరగంట పూర్తిగా నీదే. రాత్రి వచ్చాక మెల్లగా రెండు పాటలు నీవి. పగలు దోబూచులాట ఎక్కువ ఆడండి. కనపడనివాళ్లు మళ్లీ వస్తారని ఈ వయసులోనే గట్టిపడుతుంది, ఎడబాటు భయం కూడా ఇప్పుడే ఎక్కువ. బయటికెళ్లేటప్పుడు దొంగచాటుగా జారుకోకు, టాటా చెప్పి వెళ్లు.

ఎప్పుడు మొదలెట్టాలంటే, చవితి పందిళ్లు లేవకముందే. మీ గేటు పక్కనే డీజే పెడతారుగా, నిమజ్జనం దాకా మళ్లీ కుదరదు. కనీసం రెండు వారాలు ప్రయాణాలు లేకుండా చూసుకో. జ్వరమొచ్చినా, టీకా వేయించినా, పన్ను బాగా బాధపెడుతున్నా ఆపెయ్, కావలసినంత ఎత్తుకో. తగ్గాక ఒక మెట్టు కిందనుంచి మళ్లీ మొదలెట్టు.

గురక పెడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీస్తున్నా, పడుకోబెడితేనే ఏడ్చి ఎత్తుకుంటే ఊరుకుంటూ చెవి పట్టుకుంటున్నా, ముఖం పాలిపోయి రాత్రంతా కాళ్లు కొట్టుకుంటున్నా ఇవేవీ చెయ్యకు, ముందు నా దగ్గరికి తీసుకురా. చెవి చూడాలి, రక్తం చూడాలి. ఆవుపాలు రోజుకి అరలీటరు దాటి పోస్తుంటే ఐరన్ తగ్గుతుంది, అది చాలామందికి

అయ్యో, కిందనుంచి పిలుస్తున్నారు, సాయంత్రం ఓపీకి అప్పుడే జనం వచ్చేశారట. మొదటి రాత్రి ఎలా గడిచిందో పొద్దున్నే మెసేజ్ పెట్టు, ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు ఎత్తుకున్నావు అన్నీ. చెల్లెమ్మకీ అమ్మకీ

నీ
రవి