అమ్మా, అది లేబర్ కాదు, లేబుల్

లెస్టర్, ఇంగ్లండ్,
ఆదివారం రాత్రి

అమ్మకు, నాన్నకు,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. దగ్గు పోయింది. ఫోన్ ఎత్తగానే 'గొంతేంటి అలా ఉంది' అని మొదలుపెట్టకు అమ్మా. మన వీధి చివరి వాళ్ళ అబ్బాయి శనివారం తెనాలి బయల్దేరుతున్నాడు, అతని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు స్పీకర్ పెడతావు, నాన్న మిషన్ ఆపరు, సగం మాటలు, సగం కుట్టు చప్పుడు. ఈసారి చెప్పేది మొత్తం మీరు వినాలి.

ముందు గుంటూరు పిన్ని సంగతి. నేను ఇక్కడ 'లేబర్ పని' చేస్తున్నానని పిన్నికి చెప్పావట. పిన్ని బాబాయికి చెప్పింది, బాబాయి ఊరందరికీ చెప్పాడు. మొన్న ఆయనే ఫోన్ చేసి "బీఫార్మసీ చదివించి, అంత అప్పు చేసి పంపిస్తే కూలి పనా తల్లీ, కష్టంగా ఉంటే వచ్చెయ్, మేం లేమా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లేబర్ కాదమ్మా, లేబుల్! మందుల షాపులో డబ్బాల మీద లేబుళ్ళు అంటిస్తాను. డాక్టర్ రాసింది చూసి, మందు తీసి, కంప్యూటర్లో కొట్టి, లేబుల్ అంటిస్తే ఫార్మసిస్టు సరిచూసి ఇస్తాడు. జీతం టైముకే వస్తోంది. ఇక ఉద్యోగం గురించి ఇంతే.

ఇప్పుడు అసలు విషయం. చిన్నది నాకు అంతా చెప్పింది. దాన్ని తిట్టొద్దు, నేనే ఒట్టు పెట్టి అడిగాను. పోయిన మంగళవారం నాన్న చెమటలు పట్టి మిషన్ దగ్గరే ఒరిగిపోయారట. ఎదురింటి అన్నయ్య పరుగెత్తుకొచ్చి పంచదార నీళ్ళు తాగించాడట. ఆ రోజు సాయంత్రం నేను ఫోన్ చేస్తే 'నాన్న గుడికెళ్ళారు' అన్నావు. అంత దూరంలో ఉన్నదానికి టెన్షన్ ఎందుకని దాచావు, నాకు తెలుసు. కానీ అమ్మా, దాచినది తర్వాత తెలిస్తే ఇంకెన్ని దాచావోనని రెండు రోజులు నిద్ర పట్టలేదు.

జరిగింది ఏమిటో నాకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది. పది బిళ్ళల స్ట్రిప్పును షాపులో కత్తెరతో ముక్కలు చేసి ఇస్తారు. పేరున్న ముక్క ఒకరికి పోతుంది, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క ఇంకొకరికి. మనకు వచ్చింది ఏ రాతా లేని వెండి కాగితం. షుగర్ బిళ్ళా తెల్లగా చిన్నదే, బీపీ బిళ్ళా తెల్లగా చిన్నదే. రెండూ ఒకే డబ్బాలో పడేశారు. నాన్న బీపీది అనుకుని షుగర్ బిళ్ళే రెండోసారి వేసుకున్నారు, అదీ టిఫిన్ తినకుండా. షుగర్ పడిపోక ఏమవుతుంది?

ఇక్కడ ఎవరి మందు మీద వాళ్ళ పేరు ఉండాలి. మందు పేరు, ఎన్ని బిళ్ళలు, ఎప్పుడు ఎన్ని వేసుకోవాలి, ఏ తేదీన ఇచ్చాం, ఏ షాపు ఇచ్చింది అన్నీ ఆ అగ్గిపెట్టెంత కాగితం మీదే. కొన్నిటికి 'నిద్ర రావచ్చు, వస్తే బండి నడపొద్దు' అని కూడా పడుతుంది. పిల్లలకు కనపడకుండా, అందకుండా పెట్టమన్న మాట ప్రతిదాని మీదా ఉంటుంది. మొదటి నెలలో ఇదంతా చాదస్తం అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు.

నాన్నా, మీరు నవ్వుకునే మాట ఒకటి. మా పెద్ద ఫార్మసిస్టు తెల్లాయన, మాటల పిచ్చి. ఈ లేబుల్ అనే మాట ఫ్రెంచి వాళ్ళ దగ్గర నుంచి వచ్చిందట. మొదట్లో దానికి అర్థం కాగితమూ కాదు, జిగురూ కాదు. గుడ్డ పీలిక! అంచుకు వేలాడే సన్నటి గుడ్డ పీలిక. నేను అక్కడే నవ్వేశాను. మీరు బిల్లు పుస్తకంలో చీటీకి గిరాకీ గుడ్డలోంచి చిన్న ముక్క కత్తిరించి గుచ్చేవారు కదా, ఎవరి చొక్కా ఏదో కలిసిపోకుండా. ఆ మాట పుట్టినప్పుడు ఉన్న అర్థమే ముప్పై ఏళ్ళు మన కొట్టులో నడిచింది. ఆయనకు చెప్తే చాలా సంతోషపడ్డాడు, మీ ఫోటో అడిగాడు. మిషన్ మీద కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ఉన్నది చూపించాను.

తాతయ్య గ్రామఫోను ప్లేటు మధ్యలో కుక్క బొమ్మతో గుండ్రటి కాగితం ఉండేది గుర్తుందా? దాన్నీ లేబుల్ అనే అంటారు. పాటల కంపెనీని లేబుల్ అనడం అక్కడి నుంచే వచ్చిందట. చిన్నదానికి చెప్పండి, ఎప్పుడూ ఫలానా లేబుల్ పాట అంటుంటుంది.

ఆవకాయ సీసా అయిపోవచ్చింది. పొదుపుగానే వాడుతున్నాను. ఇక్కడ అమ్మే తిండి మీద, కొందరికి పడని పదార్థాలు 14 ఉన్నాయని, వాటి పేర్లు లావు అక్షరాల్లో వేస్తారు. ఆ 14లో ఆవాలు ఒకటి, నువ్వులు ఒకటి! నీ ఆవకాయకు లేబుల్ వేస్తే పేరు తప్ప మిగతాదంతా లావు అక్షరాలేనమ్మా. నవ్వులాటకు అంటున్నాను గానీ దాని వెనక కథ నవ్వేది కాదు. 2016లో నటాషా అనే 15 ఏళ్ళ అమ్మాయి ఎయిర్‌పోర్టులో కొన్న రొట్టె తిని విమానంలో ప్రాణం మీదికి తెచ్చుకుంది, బతకలేదు. పిండిలో నువ్వులు కలిశాయి, పైన ఆ మాట రాసి లేదు. అప్పటికి రాయాలన్న రూలు లేదట. తల్లిదండ్రులు పట్టుబట్టి పోరాడితే 2021 అక్టోబరు నుంచి, షాపులోనే చేసి ముందే ప్యాక్ చేసి పెట్టే తిండికి కూడా అన్ని పదార్థాలూ రాయాలన్న చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని ఆ అమ్మాయి పేరుతోనే పిలుస్తారు. నాన్న సంగతి విన్న రాత్రి నాకు ఊరికే ఆ పిల్లే గుర్తొచ్చింది. సరే, వదిలెయ్.

మా షాపుకు ఒక గుజరాతీ ముసలమ్మ వస్తుంది. అందరం 'బా' అంటాం, వాళ్ళ భాషలో అమ్మ. 1972లో ఉగాండా నియంత ఇడి అమీన్ ఆ దేశం నుంచి మనవాళ్ళను వెళ్ళగొట్టినప్పుడు వచ్చిందట. లెస్టర్‌లో చోటు లేదు, రావద్దని ఇక్కడి కౌన్సిల్ ఉగాండా పేపర్లో ప్రకటన కూడా వేసింది. అయినా వచ్చారు. వచ్చి ఇక్కడి బనియన్ల, స్వెట్టర్ల ఫ్యాక్టరీల్లో పనికి చేరారు. బా పని ఏమిటో తెలుసా నాన్నా, మెడపట్టీ లోపల లేబుల్ కుట్టడం. ఇప్పటికీ కొత్త మనిషి కనిపిస్తే కాలర్ వెనక్కి తిప్పి చూస్తుంది. పోయిన నెల నా కోటు కాలర్ తిప్పింది. మీరు పెళ్ళిళ్ళలో ఎవరి చొక్కా పడితే వాళ్ళ కాలర్ తిప్పి మన లేబుల్ ఉందా అని చూస్తుంటే అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది కదా, అదే చూపు.

నా కోటుకు కంపెనీ లేబుల్ పక్కన మన కొట్టు లేబుల్, ఎర్ర గుడ్డ మీద పసుపు అక్షరాలు. బా తడిమి తడిమి చూసి "ఇది చేత్తో కుట్టింది, ఎవరు" అంది. మా నాన్న అన్నాను. నాకు చెప్పకుండా ఎప్పుడు కుట్టారు నాన్నా? విమానం దిగాక చలికి కోటు తీస్తే కనిపించింది. ఇన్నాళ్ళూ అడగలేదు, అడిగితే మీరు మాట మార్చేస్తారని.

బాకు ఏడు రకాల మందులు. ఇంగ్లీషు చదవలేదు. మా లేబుల్ ఎంత వివరంగా ఉన్నా ఆవిడకేం లాభం? అందుకే నేను పెన్నుతో పొద్దున్న వాటి మీద సూర్యుణ్ణి, రాత్రి వాటి మీద నెలవంకను వేసిస్తాను. ఆవిడ తప్పు వేసుకోవడం మానేసింది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. మామయ్యతో 'అది కూతురు కాదు, నా పెద్దకొడుకు' అన్నారట. ప్రేమతోనే అన్నారు. మనం 'ముద్ర వేయడం' అంటామే, దాన్నీ ఇంగ్లీషులో లేబులే అంటారు. చిన్నదానికి లెక్కల్లో ఒకసారి తప్పిందని మొద్దు అని వేశాం, ఇప్పటికీ ఊడలేదు పాపం. నాకు వేసింది పెద్దకొడుకు. మా తెల్లాయన చెప్పాడు, ఇక్కడి రాజవంశాల చిహ్నాల్లో కూడా లేబుల్ ఉంటుంది. తండ్రి డాలు మీద ఉన్న బొమ్మే పెద్దకొడుక్కీ ఉంటుంది, తేడా తెలియడానికి పైన అడ్డంగా ఓ పట్టీ, దానికి మూడు పీలికలు. యువరాజు విలియం చిహ్నం మీద ఉన్న తెల్ల పట్టీ అదే. తండ్రి బతికున్నంత కాలమే అది, ఆయన పోయాక తీసేసి డాలు మొత్తం కొడుకు తీసుకుంటాడు. అది విన్నాక నాకు ఆ మాట అస్సలు నచ్చడం లేదు నాన్నా. అప్పు తీరుస్తున్నది కూతురే. మందుల గురించి ఇంత సతాయిస్తున్నదీ కూతురే. కూతురనే అనండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. అమ్మా, మందులు సగం స్ట్రిప్పు తేవద్దు, మొత్తం స్ట్రిప్పే కొనండి. డబ్బులు నేను పంపుతాను, వద్దనకు. బిళ్ళల్ని చిన్న డబ్బాలోకి మార్చొద్దు, స్ట్రిప్పు మీద పేరున్న చివర ఆఖరున వాడండి. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చెప్పకుండా వేసుకునేది కాదు. మిగిలిపోయిన యాంటిబయాటిక్‌ను జలుబుకు మింగే అలవాటు మానెయ్యండి నాన్నా. మళ్ళీ చెమటలు, వణుకు వస్తే ముందు మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించు, తర్వాత వెంటనే డాక్టర్ దగ్గరికి, ఆ తర్వాత నాకు ఫోన్. ఎంత రాత్రయినా సరే.

నాన్నకు ఒక కుట్టు పని. కొట్టు ఖాళీ చేసినప్పుడు మిగిలిన లేబుళ్ళు అటక మీద బోర్నవిటా డబ్బాలో ఉన్నాయి, పారేయలేదని చిన్నది చెప్పింది. రెండు గుడ్డ సంచులు కుట్టండి, తెల్లది పొద్దుటికి, నల్లది రాత్రికి. రెండిటికీ బయట కనపడేలా మన లేబుల్ కుట్టండి, దాని కింద అమ్మ దారంతో సూర్యుణ్ణి, చంద్రుణ్ణి కుడుతుంది. బాకు కూడా ఒక జత కావాలి. ఆవిడ కాలర్ తిప్పి చూసినట్టే కుట్టు తిప్పి చూస్తుంది, జాగ్రత్తగా కుట్టండి.

ఈ అబ్బాయి నెలాఖరుకి తిరిగొస్తాడు. సంచులు అతనికి ఇవ్వండి. ఆవకాయ పంపితే మూడు కవర్లు చుట్టు, పోయినసారి చీరలన్నీ నూనె.

మీ పెద్దమ్మాయి