ఏ ముగింపో అట్ట మీదే చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

డిగ్రీ చదివే రోజుల నుంచీ నాకు బ్రామ్ స్టోకర్ అంటే ప్రాణం. డ్రాక్యులా ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, కానీ ఆయన ఇంకేం రాశాడో చాలా ఏళ్లు పట్టించుకోలేదు. మొన్న వేసవిలో 'ద జ్యువెల్ ఆఫ్ సెవెన్ స్టార్స్' కొన్నాను. డ్రాక్యులా వచ్చిన ఆరేళ్లకి, 1903లో వచ్చిన నవల ఇది. మూడు రాత్రుల్లో చదివేశాను. దాన్ని మనకు అమ్ముతున్న తీరు గురించి బాధ కలిగి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కథ లండన్‌లో మొదలవుతుంది. రాత్రివేళ ఒక లాయరుకి కబురొస్తుంది, వెళ్లి చూస్తే ఈజిప్టు నుంచి తెచ్చిన వస్తువులతో నిండిన గదిలో, తనకి తెలిసిన మార్గరెట్ అనే అమ్మాయి తండ్రి మణికట్టు దగ్గర గాయాలతో స్పృహ లేకుండా పడి ఉంటాడు. తనని ఆ గదిలోంచి కదపొద్దని, ఒక్క వస్తువు కూడా తీయొద్దని ఆయన ముందే ఉత్తరం రాసిపెట్టుకుని ఉంటాడు. కాపలా కూర్చున్న నర్సు కళ్లు తెరిచే కొయ్యబారిపోతుంది. ఆ ఇంటి పిల్లి ఆ గదిలోకొస్తే చాలు, అక్కడ మమ్మీగా, అంటే పాడవకుండా భద్రపరిచిన శవంగా ఉన్న మరో పిల్లి మీదికి దూకుతుంది. ఈ మొదటి వంద పేజీలూ ఎంత టెన్షన్ పెట్టాయంటే హాల్లో లైటు వేసే పడుకున్నాను. మధ్యలో ఈజిప్టు వివరాలు ఎక్కువై కాస్త సాగుతుంది, అది ఒప్పుకోవాలి. కానీ ఏడు వేళ్ల చెయ్యున్న ప్రాచీన ఈజిప్టు రాణి టెరా, ఆమె కెంపు! ఆ ఒక్క రాయిలో ఏడు చుక్కలు, అచ్చం మన సప్తర్షి మండలంలాగే. అది చదివి డాబా మీదికెళ్లి ఉత్తరం దిక్కున వాటిని వెతుక్కున్నాను.

చదవబోయేవాళ్లు ఈ పేరా వదిలేయండి. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడూ ఇదే నవల చదివాడని ఫోన్ చేసి, చివర్లో ఆ పెళ్లి ఎందుకో అతికినట్టు లేదురా అన్నాను. "పెళ్లేంటక్కా, అందరూ చచ్చిపోతే!" అన్నాడు. తర్వాత తెలిసింది, 1912లో వచ్చిన ప్రతిలో ముగింపు మార్చేసి అందరినీ బతికించారట, 16వ అధ్యాయం మొత్తం ఎత్తేశారట. స్టోకర్ పోయిందీ ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. వాడి పుస్తకం తెప్పించుకుని అసలు ముగింపు చదివాను. ఒక గుహలో ఆ రాణి మమ్మీకి మళ్లీ ప్రాణం పోయబోతే కమ్ముకున్న పొగలో, చీకట్లో తను ప్రేమించిన మార్గరెట్ అనుకుని ఆ లాయరు ఎవరినో చేతుల్లో ఎత్తుకుని పైకి తెస్తాడు, వెలుతురు కోసం వెళ్లొచ్చి చూస్తే అక్కడ రాణి వస్త్రమూ ఆ రత్నమూ తప్ప మనిషి లేదు. కింద గుహలో మార్గరెట్ ముఖం మీద చేతులు కప్పుకుని పడి ఉంటుంది, ఆ వేళ్ల సందుల్లోంచి కనబడే చూపు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

తీసేసిన అధ్యాయం కూడా ఏదో పనికిరానిది కాదు. ఆ రాణి నిజంగా లేచి వస్తే ఆమె కొలిచిన దేవుళ్లూ నిజమే కావాలి కదా, అప్పుడు మనం నమ్మిన దేవుడి మాటేమిటని లాయరు మథనపడేది అందులోనే. నా దృష్టిలో నవలకి గుండెకాయ అది. అది లేకపోతే ఇది మమ్మీ కథ మాత్రమే.

నేను కొన్న ప్రతిలో ఇవేవీ లేవు, మార్చిన ముగింపు అని ఒక్క ముక్క కూడా రాయలేదు. పాత పుస్తకాలు మళ్లీ వేసేవాళ్లు దయచేసి ఇది 1903 పాఠమో 1912 పాఠమో అట్ట మీదే చెప్పండి. దీన్ని ఎవరైనా తెలుగు చేయబోతుంటే 1903 పాఠమే తీసుకోండి, 16వ అధ్యాయంతో సహా. మీ ఆదివారం పుస్తకాల పేజీలో కూడా ఇలాంటి నవలని పరిచయం చేసినప్పుడు ఏ ప్రతి కొనుక్కోవాలో ఒక్క వాక్యం చేర్చమని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, కాకినాడ