సీరియల్లో వాటా, మా ఇంట్లో సంతకం

రేయ్ బావా,

"మన జనం నిజంగా మారినారా, టీవీవాళ్లే మారినట్టు చూపిస్తున్నారా" అని ఒక్క ముక్క అడిగేసి నువ్వు బెంగళూరులో హాయిగా పడుకున్నావు, ఇక్కడ నిద్ర పట్టనిది నాకు.

మొన్న ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడికి పోయినా. తెల్లవారకముందే ముస్లిం ఆడవాళ్లు టెంకాయలు, పూలు పట్టుకొని లైన్లో ఉన్నారు. వెంకన్న భార్య బీబీ నాంచారి వాళ్లింటి ఆడబిడ్డ, అంటే వెంకన్న వాళ్లకు అల్లుడు, పండగపూట అల్లుణ్ణి చూడకుంటే ఎట్ల? మనం నిక్కర్లు వేసుకున్న రోజుల్లోనూ ఇంతే కదరా. ఒక చానెల్ పిల్లోడు మైకు పెట్టి ఎప్పటినుంచి వస్తున్నారమ్మా అంటే, "మా దాదీ కాలం నుంచి. జరుగు నాయనా, లైను పోతుంది" అనింది ఒకామె. సాయంత్రం వార్తల్లో అదే "అరుదైన దృశ్యం"!

నిజంగా మారింది మాత్రం కెమెరాకు కనపడదు. రాయచోటి, రాజంపేట పక్క ఎన్ని ఇండ్లలో ఆడమనిషి కువైట్‌లో ఇంటిపని చేసి డబ్బు పంపుతోందో నీకు తెలుసు. మా వెనకింటాయన పొద్దున్నే పిల్లకు జడ వేసి, క్యారియర్ కట్టి బడికి పంపుతాడు. జడ వంకరే, అయినా వేస్తాడు. సీరియల్లో మగాడు వంటింట్లోకి వస్తే కామెడీ మ్యూజిక్కే. (సీమ అంటే ఇంకా గాల్లో లేచే సుమోలేననుకో, దాని గురించి రాస్తే పేజీలు చాలవు.)

ఇంకోటి చెప్తా, ఎవరికీ చెప్పొద్దు. ఆడపిల్లకు ఆస్తిలో వాటా మనకు ఎన్టీఆర్ కాలంలోనే, 1986లోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో. అయినా పోయిన నెల నాయన భూమికి మా చెల్లెలితో హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించినాం. పెట్టించింది ఎవరు, నేనే. "పుట్టింటి గడప ఉంటే చాలన్నా" అని నవ్వి, వేలికంటిన సిరా కొంగుకు తుడుచుకుంది. నేను చీర ఇప్పిస్తా అన్నా. ఎకరన్నరకు చీర!

ఆ రాత్రి సీరియల్లో హీరోయిన్ కోర్టులో కొట్లాడి వాటా గెలిచింది. చెల్లెలు "అట్ల ఉండాల ఆడదంటే" అని చప్పట్లు కొట్టింది. నేను నీళ్లు తాగాలని లేచి, వంటింట్లో లైటు వేయకుండా చాలాసేపు నిలబడినా.

దసరాకు వస్తావా? వస్తే చెప్పు, కారం దోసెలు తిందాం.

నీ బావ