జీడి తొక్కల్ని నూనె తీయకుండా కాల్చొద్దు

సంపాదకులకు నమస్కారం.

పలాస-కాశీబుగ్గలో 80 కిలోల జీడిపిక్కల బస్తా కొట్టిస్తే పప్పు ఇరవై కిలోల పైచిలుకు దిగుతుంది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం తొక్కే. ఆ తొక్క బరువులో నాలుగో వంతు దాకా నూనె ఉంటుంది. దాన్ని తీయకుండా బట్టీలో వేస్తే, వేడి చాలక నూనె పూర్తిగా మండదు. ఆవిరై ఘాటైన నల్లపొగగా లేస్తుంది, చిమ్నీలో తారులా పేరుకుపోతుంది. దీన్ని ఇంధనం ఆదా అనడం సరికాదు.

1998లో పాల్ అనస్తాస్, జాన్ వార్నర్ కూర్చిన హరిత రసాయనశాస్త్రపు (పర్యావరణానికి హాని తగ్గించే రసాయనశాస్త్రం) 12 సూత్రాల్లో మొదటిది, వ్యర్థం పుట్టాక శుద్ధి చేయడం కంటే అసలు పుట్టకుండా చూడమంటుంది. ఏడోది, ఏటా పండే ముడిసరుకు వాడమంటుంది. ఈ రెండూ జీడి తొక్కకు అచ్చంగా వర్తిస్తాయి. ఈ నూనె నుంచి వచ్చే కార్డనాల్ అనే రసాయనాన్ని, పెట్రోలియం నుంచి తీసే ఫినాల్ అనే రసాయనానికి బదులుగా బ్రేకు లైనింగుల్లో, రంగుల్లో వాడుతున్నారు. దీనికోసం తిండిగింజ ఒక్కటీ ఖర్చు కాదు.

తీసే పద్ధతిలో కిటుకులున్నాయి. ఆవిరిలో ఉడికించిన పిక్కల తొక్కే దీనికి మేలు. డ్రమ్ములో కాల్చిన తొక్కలో నూనె చాలామటుకు ముందే పోతుంది. తొక్కను బాగా ఎండబెట్టి ఎక్స్‌పెల్లర్‌లో (నూనె పిండే యంత్రంలో) ఆడిస్తే, నూటికి 15 నుంచి 20 కిలోల నూనె వస్తుంది. మడ్డి తేరాక వడకట్టి, స్టీలు పాత్రలో సగం వరకే పోసి, నెమ్మదిగా 140 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేయాలి. సగమే ఎందుకంటే నూనెలోని అనకార్డిక్ ఆమ్లం కార్డనాల్‌గా మారేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వెలువడి నూనె నురగతో పొంగుతుంది. తడి మిగిలితే పొంగు మరీ ఎక్కువ. మంట అదుపు తప్పి 200 దాటితే నూనె చిక్కబడి జిగురైపోతుంది, ఇక దేనికీ పనికిరాదు. చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది కాబట్టి రబ్బరు చేతొడుగులు తప్పనిసరి.

నూనె పిండిన పిప్పిని మాత్రం బాయిలర్లో నిశ్చింతగా వాడుకోవచ్చు. గాలి బాగా ఆడితే పొగ చాలా తగ్గుతుంది.

చిన్న యూనిట్లు ఎక్కడికక్కడ ఎక్స్‌పెల్లర్ పెట్టుకోలేవు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల క్లస్టర్ అభివృద్ధి పథకం కింద కేంద్రం ఉమ్మడి కేంద్రాలకు సాయం చేస్తుంది. జిల్లా పరిశ్రమల శాఖ ముందుకొచ్చి, యజమానులందరినీ కూర్చోబెట్టి, పలాసలో నూనె తీసే ఉమ్మడి కేంద్రానికి దరఖాస్తు పెట్టించాలి. అందులో తేమ, చిక్కదనం పరీక్షించే చిన్న ల్యాబు కూడా ఉండాలి. నాణ్యత తెలియని నూనెకు కొనేవారు సరైన ధర ఇవ్వరు.

– కొందరు రసాయనశాస్త్ర అధ్యాపకులు, శ్రీకాకుళం