విషయం: స్టార్ ట్రెక్ కథాకాలక్రమంలో దొర్లిన తప్పుల సవరణ గురించి

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

నమస్కారం. నేను కొన్నేళ్ళుగా మీ స్ట్రీమింగ్ సేవకు చందాదారుణ్ణి. స్టార్ ట్రెక్ సిరీస్‌లనూ సినిమాలనూ కథ జరిగిన కాలం ప్రకారం వరుసగా చూడండంటూ మీరు ముందు పేజీలో పెట్టిన ప్లేలిస్టు, కొత్తవాళ్ళకు దారి చూపకపోగా వాళ్ళను పూర్తిగా తికమకపెడుతున్నందువల్ల ఈ ఫిర్యాదు రాస్తున్నాను.

మా అక్క కూతురు మీ వరుసను నమ్మి చూడటం మొదలుపెట్టింది. 2009 నాటి సినిమాలో ముఖ్యపాత్ర స్పాక్ సొంత గ్రహమైన వల్కన్ కుప్పకూలి మాయమవడం, అతని తల్లి అతని కళ్ళెదుటే చనిపోవడం చూసి ఆ పిల్ల కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాత మీ వరుస ప్రకారమే 1966లో మొదలైన తొలి సిరీస్‌లోకి వచ్చి, రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో స్పాక్ పెళ్ళి కోసం అదే వల్కన్‌కు వెళ్ళడం చూసి, "లేని గ్రహానికి ఎలా వెళ్ళాడు మామయ్యా?" అని అడిగింది. కథలో తప్పేమీ లేదు. 2387 నుంచి వెనక్కి వచ్చిన నీరో అనే ప్రతినాయకుడు 2233లో ఒక అంతరిక్ష నౌకపై దాడి చేయడంతో కాలం రెండు పాయలుగా చీలిందని, వల్కన్ నాశనమైంది కొత్త పాయలోనేనని, తొలి సిరీస్ నడిచే పాత పాయ చెక్కుచెదరలేదని ఆ సినిమా తీసినవాళ్ళు శ్రద్ధగా ఏర్పాటు చేసుకున్నారు. వాళ్ళు విడదీసి పెట్టినదాన్ని మీ ప్లేలిస్టు కలిపేసింది.

కథానాయకుడు కెప్టెన్ కర్క్ పరిచయ పేజీలోనూ ఇదే జరిగింది. తండ్రి లేకుండా పెరిగినవాడని ఒక వాక్యంలో రాసి, తర్వాతి వాక్యాల్లో తొలి సిరీస్‌లోని అతని సాహసాలను చెప్పారు. తాను పుట్టిన రోజునే తండ్రిని పోగొట్టుకున్నది చీలిన పాయలోని కర్క్ మాత్రమే. అసలు పాయలో తండ్రి బతికే ఉన్నాడనీ, కొడుకు కెప్టెన్ కావడం కళ్ళారా చూశాడనీ 2009 సినిమాలోనే ఆ పాయ నుంచి వచ్చిన ముసలి స్పాక్ కుర్ర కర్క్‌తో చెబుతాడు. ఆ యువకుడు ఏం పోగొట్టుకున్నాడో మనకు తెలిసేది ఆ ఒక్క మాటతోనే. ఇద్దరినీ ఒకే మనిషిని చేశాక ఆ మాటకు అర్థమే మిగలదు.

డిస్కవరీ అనే సిరీస్ ఐదు సీజన్లనూ విడదీయకుండా తొలి సిరీస్‌కు ముందు పెట్టడం మరో పొరపాటు. రెండో సీజన్ చివర ఆ పేరున్న అంతరిక్ష నౌక 2258 నుంచి తొమ్మిది వందల ఏళ్ళకు పైగా ముందుకు దూకుతుంది కాబట్టి మిగతా మూడు సీజన్లు చిట్టచివర రావాలి. ఫస్ట్ కాంటాక్ట్ అనే సినిమాను, కథ 2063లో నడుస్తుంది కదా అని, అన్నిటికంటే ముందు చేర్చారు. 2373 నుంచి ఆ కాలానికి వెళ్ళిన కెప్టెన్ పికార్డ్‌ను బోర్గ్ అనే శత్రుజాతి అంతకు ముందు ఏం చేసిందో తెలియని ప్రేక్షకుడికి అతని కోపం ఎలా అర్థమవుతుంది?

ఇంత పాత కథాప్రపంచంలో అసలు రచయితలే చేసిన పొరపాట్లున్నాయని నాకు తెలుసు. ప్రతినాయకుడు ఖాన్ మొదట కనిపించిన 1967 నాటి ఎపిసోడ్‌లో కర్క్ సిబ్బందిలోని చెకోవ్ లేకపోయినా, 1982 సినిమాలో ఖాన్ అతని ముఖాన్ని గుర్తుపడతాడు. అలాంటివాటికి మిమ్మల్ని బాధ్యులను చేయడం న్యాయం కాదు. కానీ నేను పైన చెప్పినవన్నీ మీ ప్లేలిస్టు తయారీలో వచ్చినవే.

ఇదివరకు రాసినప్పుడు నా అభిప్రాయాన్ని సంబంధిత విభాగానికి పంపామన్న జవాబు వచ్చిందే తప్ప ఏమీ మారలేదు. కొత్త పాయలో నడిచే 2009, 2013, 2016 సినిమాలను వేరే వరుసగా చూపాలనీ, డిస్కవరీని రెండో సీజన్ దగ్గర విడదీయాలనీ, ఫస్ట్ కాంటాక్ట్‌ను 2373 దగ్గరికి మార్చాలనీ, ఇద్దరు కర్క్‌లకూ వేర్వేరు పరిచయాలు రాయించాలనీ కోరుతున్నాను. అది పూర్తయ్యేదాకా ఆ ప్లేలిస్టును ముందు పేజీ నుంచి తొలగించి, ఎప్పటికి సరిచేస్తారో నాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
మీ చందాదారు